ముగ్గురు ‘మొదటి’ ఎర్ల్‌లు: పోవిస్ వంశం కథలో చిక్కుముడులు

బ్రిటిష్ ప్రభువంశాల పట్టికలో ‘మొదటి పోవిస్ ఎర్ల్’ ఎవరని వెతికితే ముగ్గురు తగులుతారు. 1674లో విలియం హెర్బర్ట్, 1748లో హెన్రీ ఆర్థర్ హెర్బర్ట్, 1804లో ఎడ్వర్డ్ క్లైవ్. ముగ్గురూ మొదటివాళ్ళే. మూడో ఆయన మనం బడిలో చదువుకున్న ప్లాసీ రాబర్ట్ క్లైవ్ కొడుకు. ఈ ఎడ్వర్డ్ క్లైవ్ కొడుకు రెండో పోవిస్ ఎర్ల్ అయ్యాడు, అయితే ఆయన ఇంటిపేరు క్లైవ్ కాదు, హెర్బర్ట్. అంటే రాబర్ట్ క్లైవ్ కొడుక్కి హెర్బర్ట్‌ల బిరుదు వచ్చింది, మనవడికి ఏకంగా హెర్బర్ట్‌ల ఇంటిపేరే వచ్చింది. మధ్యలో దత్తతేమీ జరగలేదు.

ఇంత తికమకకు మూలం ఒక్కటే. ఆ దేశంలో బిరుదు నడిచే దారి వేరు, భూమి నడిచే దారి వేరు. బిరుదు సాధారణంగా మగవరసనే పోతుంది, దాన్ని వీలునామాలో ఎవరికీ రాసివ్వలేరు. భూమినైతే కూతురికి ఇవ్వొచ్చు, మేనల్లుడికి రాయొచ్చు, ఎవరూ లేకపోతే దూరపు దాయాదికి కట్టబెట్టొచ్చు. కోట ఒకరికి, బిరుదు ఇంకొకరికి పోయిన ప్రతిసారీ ఆ రెంటినీ మళ్ళీ ఒక గుమ్మంలోకి తేవడానికి పెళ్ళిళ్ళు కుదిర్చారు, ఇంటిపేర్లు మార్చారు, రాజు దగ్గర కొత్త సనదులు పుట్టించారు. పోవిస్ వంశం చరిత్రలో సగం ఈ తంటాలే.

బిరుదు లెక్కలు

పై నుంచి కిందికి డ్యూక్, మార్క్వెస్, ఎర్ల్, వైకౌంట్, బ్యారన్. ఇవీ అయిదు మెట్లు. రాజముద్రతో ‘లెటర్స్ పేటెంట్’ అనే సనదు ఇస్తే బిరుదు పుట్టినట్టు. ఎవరి తర్వాత ఎవరికి అన్నది ఆ సనదులోనే రాసి ఉంటుంది. ఎక్కువ సనదుల్లో కనిపించే షరతు ఇది: బిరుదు పొందిన మనిషి సొంత మగ సంతానానికి, వాళ్ళ మగ సంతానానికి మాత్రమే. పెద్దకొడుకు వంశం ఆగిపోతే రెండో కొడుకు వంశానికి పోతుంది. బిరుదు మొదట పొందినవాడి సొంత తమ్ముడికి మాత్రం హక్కు లేదు. అల్లుడికి లేదు, కూతురి కొడుక్కి లేదు. దత్తపుత్రుడికి ఈనాటికీ లేదు.

మగవరస పూర్తిగా తెగిపోతే బిరుదు అంతరిస్తుంది. రాజు తలుచుకుంటే అదే పేరుతో ఇంకొకరికి కొత్తగా ఇవ్వొచ్చు. అప్పుడు లెక్క మళ్ళీ ఒకటి నుంచి మొదలు. పోవిస్‌కు ముగ్గురు మొదటి ఎర్ల్‌లు అందుకే.

ఇక్కడో మాట చెప్పుకోవాలి. దత్తత తీసుకున్న కొడుక్కి రాజ్యం దక్కదంటూ సతారా, ఝాన్సీ, నాగపూర్ సంస్థానాలను కలిపేసుకున్న డల్హౌసీ స్వయంగా మార్క్వెస్. ఆయనకు కొడుకులు లేరు, ఇద్దరు కూతుళ్ళే. 1860లో ఆయన పోగానే ఆ మార్క్వెస్ బిరుదు అంతరించింది. పాత ఎర్ల్ బిరుదు దాయాదికి పోయింది. తన ఇంట్లో ఉన్న నియమాన్నే ఇతరుల రాజ్యాల మీద రుద్దాడనుకుంటే కాస్త అర్థమవుతుందేమో గానీ, ఝాన్సీ వాళ్ళకు అది ఏ న్యాయమూ కాదు.

ఎర్రరాతి కోట

వేల్స్‌లో వెల్ష్‌పూల్ ఊరి పక్కన గుట్ట మీద ఎర్రరాతితో కట్టిన కోట ఉంది. అదే పోవిస్ కోట. పదమూడో శతాబ్దంలో పోవిస్ ప్రాంతాన్ని ఏలిన వెల్ష్ రాజులది. 1587లో సర్ ఎడ్వర్డ్ హెర్బర్ట్ దాన్ని కొన్నాడు. ఆయన మొదటి పెంబ్రోక్ ఎర్ల్‌కు రెండో కొడుకు. రెండో కొడుకుల పరిస్థితి అక్కడ విచిత్రంగా ఉంటుంది. తండ్రి ఎంత పెద్ద ప్రభువైనా బిరుదు, ఆస్తిలో సింహభాగం పెద్దవాడికే. చట్టం దృష్టిలో మిగతా కొడుకులంతా సామాన్యులు. కాబట్టి చేతనైనవాళ్ళు భూమి కొనుక్కుని కొత్త శాఖ పెట్టుకునేవారు. సర్ ఎడ్వర్డ్ చేసింది అదే. ఆయన కొడుకు విలియం 1629లో పోవిస్ బ్యారన్ అయ్యాడు. కోట వచ్చాక నలభై రెండేళ్ళకు బిరుదు వచ్చిందన్నమాట.

మూడో బ్యారన్ పేరూ విలియమే. 1674లో ఎర్ల్, 1687లో మార్క్వెస్ అయ్యాడు. అప్పటి ఇంగ్లండ్‌లో కేథలిక్‌గా బతకడం కష్టమైన రోజుల్లో ఆయన పేరున్న కేథలిక్. రాజును చంపడానికి కేథలిక్‌లు కుట్ర పన్నారని 1678లో ఒక కట్టుకథ పుట్టింది. దాన్ని నమ్మిన ప్రభుత్వం ఆయన్ను లండన్ టవర్‌లో పడేసింది. 1684 దాకా బయటికి రాలేదు. తర్వాత కేథలిక్ అయిన రెండో జేమ్స్ రాజు కావడంతో దశ తిరిగింది. విలియం భార్య ఎలిజబెత్‌ను పసి యువరాజుకు సంరక్షకురాలిగా పెట్టారు. 1688లో జేమ్స్ గద్దె దిగి ఫ్రాన్స్‌కు పారిపోతే ఈ దంపతులూ వెంట వెళ్ళారు. అక్కడ, రాజ్యం లేని రాజు తన విధేయుడికి డ్యూక్ బిరుదు ఇచ్చాడు. ఇంగ్లండ్‌లో దానికి పూచికపుల్ల విలువ లేదు. ఉన్న మార్క్వెస్ బిరుదు కూడా రాజద్రోహం కింద ఊడింది. కొడుక్కి అది తిరిగి దక్కేసరికి 1722 అయింది.

ఆ కొడుకు కొడుకు, మూడో మార్క్వెస్, 1748లో బ్రహ్మచారిగా పోయాడు. మగవరస తెగింది. మొదటి పోవిస్ ఎర్ల్ బిరుదు, మార్క్వెస్ బిరుదు రెండూ ఒకేరోజు అంతరించాయి. కోట, భూములు మాత్రం అలాగే ఉన్నాయి, వాటికి ఎవరో ఒకరు కావాలి. మూడో మార్క్వెస్ తన ఆస్తిని హెన్రీ ఆర్థర్ హెర్బర్ట్ అనే దూరపు బంధువుకు రాసి పోయాడు. ఆయన ప్రొటెస్టెంట్, రాజకీయాల్లో పలుకుబడి ఉన్నవాడు, అప్పటికే చెర్బరీ హెర్బర్ట్ బ్యారన్. ఆస్తి చేతికొచ్చిన ఆ ఏడాదే రాజు ఆయన్ను పోవిస్ ఎర్ల్‌ను చేశాడు. రెండో ‘మొదటి ఎర్ల్’ ఈయనే.

కథ అక్కడితో ఆగలేదు. పోయిన మార్క్వెస్‌కు తమ్ముడి కూతురు ఒకతె ఉంది, బార్బరా. మగవాళ్ళెవరూ మిగలని ఆ శాఖలో రక్తసంబంధం ఆ అమ్మాయిదే. 1751లో కొత్త ఎర్ల్ ఆమెను పెళ్ళాడాడు. ఆయనకు అటూ ఇటూగా నలభై ఎనిమిది, ఆమెకు పదిహేను పదహారు. ఆస్తి హక్కు, రక్త హక్కు ఒక్క మంచం మీదికి చేర్చిన పెళ్ళి. ఆ అమ్మాయిని ఎవరైనా అడిగారా అంటే ఆ కాలం దస్తావేజుల్లో అటువంటి ప్రశ్నలు ఉండవు. వాళ్ళకు పుట్టిన ఇద్దరు పిల్లలు ఈ కథకు ముఖ్యం: కొడుకు జార్జ్, కూతురు హెన్రియెటా.

ఐర్లండ్‌లో ఒక ప్లాసీ

ఇప్పుడు క్లైవ్‌ల సంగతి. పోవిస్ కోటకు పెద్ద దూరం లేని ష్రాప్‌షైర్‌లో, మార్కెట్ డ్రేటన్ దగ్గర స్టైచ్ అనే చోట 1725లో రాబర్ట్ క్లైవ్ పుట్టాడు. చిన్న భూస్వాముల కుటుంబం. 1744లో మద్రాసులో కంపెనీ గుమాస్తాగా చేరాడు. 1751లో ఆర్కాటు, 1757లో ప్లాసీ. ప్లాసీ తర్వాత మీర్ జాఫర్ నుంచి ఆయనకు ముట్టింది 2,34,000 పౌండ్లు. అది కాక ఏటా 27,000 పౌండ్లు వచ్చే జాగీరు. కలకత్తా చుట్టుపట్ల భూములకు కంపెనీ నవాబుకు కట్టాల్సిన శిస్తే ఆ జాగీరు. అంటే కంపెనీ తన ఉద్యోగికే ఏటా శిస్తు కట్టాల్సి వచ్చింది.

తెలుగునేల కూడా ఆయన లెక్కల్లో అప్పుడే చేరింది. 1757 జనవరిలో బొబ్బిలి యుద్ధం ముగిశాక తాండ్ర పాపారాయుడి చేతిలో విజయనగరం విజయరామరాజు హతమయ్యాడు. తర్వాత గద్దెనెక్కిన ఆనందరాజుకు ఫ్రెంచివాళ్ళతో చెడింది. ఆయన విశాఖపట్నం పట్టుకుని ఇంగ్లీషువాళ్ళకు కబురు పెట్టాడు. మద్రాసు వాళ్ళు కదల్లేదు. బెంగాల్లో ఉన్న క్లైవ్ మాత్రం కర్నల్ ఫోర్డ్‌ను సుమారు 500 మంది తెల్ల సైనికులతో, 2,000 మంది సిపాయిలతో ఓడల మీద పంపాడు. 1758 డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తిలో ఫ్రెంచి సేన ఓడింది. 1759 ఏప్రిల్‌లో బందరు కోట పడింది. 1765లో మొఘల్ చక్రవర్తి షా ఆలం దగ్గర బెంగాల్ దివానీతో పాటు ఉత్తర సర్కారులకు కూడా క్లైవే ఫర్మానా రాయించుకున్నాడు.

ఇంత చేసిన మనిషి ఇంగ్లండ్‌లో తనను ప్రభువుల సభలో కూర్చోబెడతారని ఆశించాడు. 1762లో బ్యారన్ బిరుదు వచ్చింది గానీ ఐర్లండ్ బ్యారన్‌గా. ఇది రెండో చిక్కుముడి. అప్పట్లో ఇంగ్లండ్, స్కాట్లండ్ కలిసిన బ్రిటన్‌కు ఒక ప్రభువుల పట్టిక, ఐర్లండ్‌కు వేరే పట్టిక. ఐరిష్ ప్రభువుకు లండన్ ప్రభువుల సభలో చోటు లేదు. పెద్ద మనిషి అని పిలిపించుకోవడానికి తప్ప ఎక్కువగా పనికిరాని రెండో రకం సరుకన్నమాట. లండన్ మంత్రులు ఎవరినైనా సంతోషపెట్టాలి, కానీ పెద్ద పీట వెయ్యకూడదు అనుకున్నప్పుడు ఐరిష్ బిరుదులు ఇచ్చేవారు.

క్లైవ్ లిమరిక్ దగ్గర భూమి కొని దానికి ప్లాసీ అని పేరు పెట్టాడు, ప్లాసీ క్లైవ్ బ్యారన్ అయ్యాడు. లిమరిక్ విశ్వవిద్యాలయం ఆవరణలో ప్లాసీ హౌస్ అనే భవనం ఈరోజుకీ ఉంది. బెంగాల్ మామిడితోట పేరు ఐర్లండ్ పటంలో ఎలా చేరిందో ఇదీ కథ. ఐరిష్ బిరుదులో ఒక సౌకర్యం మాత్రం ఉంది: అది ఉన్నవాళ్ళు బ్రిటన్‌లో కామన్స్ సభకు పోటీ చెయ్యొచ్చు. క్లైవ్ ష్రూస్‌బరీ సభ్యుడిగా కొనసాగాడు. 1772, 73ల్లో తన సంపాదన మీద విచారణ జరిగినప్పుడు లార్డ్ క్లైవ్ అనే ఆ పెద్దమనిషి తనను తాను సమర్థించుకున్నది కామన్స్ సభలోనే.

ఈలోగా ఆయన భూములు కొంటూ పోయాడు. 1760ల్లో వాల్కాట్ కొన్నాడు. 1771లో లడ్లో దగ్గరి ఓక్లీ పార్క్ కొన్నాడు. అమ్మింది ఎవరనుకున్నారు? పోవిస్ ఎర్ల్. ఒక పక్క మూడొందల ఏళ్ళ పేరు, మెడ దాకా అప్పులు. ఇంకో పక్క బెంగాల్ డబ్బు, నిన్నగాక మొన్న వచ్చిన బిరుదు. ఇలాంటి ఇరుగుపొరుగు చివరికి వియ్యమందుకోకపోతేనే ఆశ్చర్యపోవాలి. రాబర్ట్ క్లైవ్ 1774 నవంబరులో చనిపోయాడు, ఆత్మహత్యేనన్నది ఎక్కువమంది చరిత్రకారుల అభిప్రాయం. పదేళ్ళ తర్వాత, 1784లో, ఆయన పెద్దకొడుకు ఎడ్వర్డ్‌కు హెన్రియెటా హెర్బర్ట్‌ను ఇచ్చి పెళ్ళి చేశారు.

మద్రాసు గవర్నరు

ఎడ్వర్డ్ క్లైవ్ తండ్రిలాంటివాడు కాదు. నెమ్మదస్తుడు, తోటపని ఇష్టం, నలుగురిలో మాట్లాడాలంటే మొహమాటం. బుర్ర పదును తక్కువని ఆర్థర్ వెల్లెస్లీ లాంటివాళ్ళ అంచనా. తండ్రి కోరుకుని సాధించలేకపోయిన బ్రిటిష్ బ్యారన్ బిరుదు 1794లో ఈయనకు దక్కింది. ఇక్కడ కూడా పేరు క్లైవ్ బ్యారనే, ఊరు మాత్రం వాల్కాట్. కాబట్టి అప్పటి నుంచి ఈ ఒక్క మనిషే ఐర్లండ్ పట్టికలో ప్లాసీ క్లైవ్ రెండో బ్యారన్, బ్రిటన్ పట్టికలో వాల్కాట్ క్లైవ్ మొదటి బ్యారన్. పాత దస్తావేజుల్లో ‘లార్డ్ క్లైవ్’ అని కనిపిస్తే తేదీ చూడకుండా తండ్రో కొడుకో తేల్చుకోవద్దు. మద్రాసు కాగితాల్లో 1798 నుంచి 1803 దాకా కనిపించే లార్డ్ క్లైవ్ కొడుకు, ఆ అయిదేళ్ళూ ఆయనే గవర్నరు.

చురుకు తక్కువన్న ఈయన హయాంలోనే తెలుగు జిల్లాల తలరాతలు మారిపోయాయి. 1799లో శ్రీరంగపట్నం పడి టిప్పు సుల్తాను హతమయ్యాడు. మైసూరు మీద గెలిచిన రెండు యుద్ధాల్లో తన వాటాగా దక్కిన కడప, బళ్ళారి, అనంతపురం వైపు భూములను నిజాం 1800 అక్టోబరు ఒప్పందంతో కంపెనీకి అప్పగించాడు. దత్తమండలాలన్న పేరు అప్పుడు వచ్చిందే, థామస్ మన్రో వాటికి పెద్ద కలెక్టరయ్యాడు. 1801 జులైలో కర్ణాటక నవాబు నుంచి నెల్లూరుతో సహా పాలన మొత్తం కంపెనీ చేతికొచ్చింది. ఈ నిర్ణయాల వెనక ఉన్నది గవర్నర్ జనరల్ రిచర్డ్ వెల్లెస్లీ. మద్రాసు లార్డ్ క్లైవ్ చాలావరకు సంతకం చేసే చెయ్యి.

1802లో వచ్చిన శాశ్వత శిస్తు పద్ధతి గురించి మాత్రం ఇంకొంచెం చెప్పాలి. ఆ ఏటి 25వ రెగ్యులేషన్ కింద ఉత్తర సర్కారుల జమీందార్లకు సనదులు ఇచ్చారు. జమీందారు ఏటా కట్టాల్సిన పేష్కష్ శాశ్వతంగా ఖాయమైంది, భూమి మీద వారసత్వ హక్కూ ఖాయమైంది. గడువుకు కట్టలేకపోతే జమీను వేలం. ఆ తర్వాత ఎన్ని పాత జమీందారీలు వేలంలో చేతులు మారాయో గోదావరి, విశాఖ జిల్లాల చరిత్ర చదివినవాళ్ళకు తెలుసు. పోవిస్ హెర్బర్ట్‌లు కూడా తెలుగు జమీందార్లకు ఏమీ తీసిపోని అప్పుల్లో ఉన్నారు. వాళ్ళ బిరుదును మాత్రం ఏ అప్పులవాడూ వేలం వేయించలేడు. భూమి పోయినా, ఇల్లు పోయినా, ఎర్ల్ ఎర్ల్‌గానే ఉంటాడు.

హెన్రియెటా భర్తలా కచేరీలో కూర్చునే మనిషి కాదు. 1800లో ఇద్దరు కూతుళ్ళను, అన్నా టొనెల్లి అనే ఇటాలియన్ చిత్రకారిణిని వెంటబెట్టుకుని మద్రాసు నుంచి వేలూరు, బెంగుళూరు, శ్రీరంగపట్నం, తిరుచిరాపల్లి, తంజావూరు చుట్టివచ్చింది. వెయ్యి మైళ్ళు దాటిన ప్రయాణం. పారశీకం నేర్చుకుంది, మొక్కలు, రాళ్ళు, ఆయుధాలు సేకరించింది. పన్నెండేళ్ళు దాటిన చిన్నకూతురు చార్లట్ దారిలో దినచర్య రాసింది. ఈ చార్లట్ తర్వాత నార్తంబర్లండ్ డచెస్ అయింది, యువరాణి విక్టోరియాకు సంరక్షకురాలిగా పనిచేసింది. మన నర్సరీల్లో కూడా అమ్మే నారింజరంగు పూల క్లివియా మొక్కకు 1828లో ఆ పేరు పెట్టింది ఆమె పుట్టింటి పేరు మీదుగానే. ప్లాసీ ఇంటిపేరు ఒక పూలకుండీలో కూడా బతికి ఉంది.

టిప్పు గుడారం, ఆయన సింహాసనం మీది బంగారు పులి తలల్లో ఒకటి, క్లైవ్ తండ్రీకొడుకుల కాలం నాటి మరెన్నో వస్తువులు, అన్నీ కలిపి వెయ్యికి పైగా ఇప్పుడు పోవిస్ కోటలో ఉన్నాయి. పువ్వుల అద్దకం ఉన్న ఆ గుడారాన్ని ఒకప్పుడు తోటలో విందులకు వేసేవారట. 1987లో వీటన్నిటికీ కోటలోనే క్లైవ్ మ్యూజియం తెరిచారు. వీటిలో ఏది బహుమతి, ఏది కొనుగోలు, ఏది కొల్లగొట్టినది అన్న వాదన బ్రిటన్‌లోనే ఇప్పుడు గట్టిగా నడుస్తోంది. అది ఇంకో వ్యాసానికి సరిపడే సంగతి. కుటుంబం దగ్గరే మిగిలిన రాళ్ళు పొదిగిన మొఘల్ పచ్చరాతి బుడ్డి ఒకటి 2004 వేలంలో దాదాపు 29 లక్షల పౌండ్లు పలికిందన్న సంగతి మాత్రం గుర్తుంచుకుంటే ఆ వాదన ఎందుకో తెలుస్తుంది.

తండ్రికి బిరుదు, కొడుక్కి కోట

వాళ్ళు మద్రాసులో ఉండగానే, 1801 జనవరిలో, హెన్రియెటాకు ఉన్న ఒక్క అన్న జార్జ్ పోయాడు. ఆయన రెండో పోవిస్ ఎర్ల్, పెళ్ళి చేసుకోలేదు. మళ్ళీ మగవరస తెగింది, మళ్ళీ బిరుదు అంతరించింది. హెన్రియెటా ఎర్ల్ కూతురు, ఎర్ల్ తోబుట్టువు. అయినా ఆడమనిషి కాబట్టి బిరుదు ఆమెకు రాదు, ఆమె ద్వారా భర్తకూ రాదు, కొడుక్కీ రాదు.

భూమికి ఆ అడ్డు లేదు. మేనమామ జార్జ్ తన కోటను, భూములను హెన్రియెటా పెద్దకొడుక్కి రాశాడు. ఆ పిల్లవాడి పేరూ ఎడ్వర్డే, ఈ కుటుంబంలో పేర్ల కరువు అంతా ఇంతా కాదు. వీలునామాలో ఒక షరతు పెట్టాడు: ఆస్తి కావాలంటే క్లైవ్ అన్న ఇంటిపేరు వదిలి హెర్బర్ట్ అని పెట్టుకోవాలి. మన దగ్గర దత్తత వెళ్ళినవాడి ఇంటిపేరు మారినట్టే, కాకపోతే అక్కడ తండ్రి మారకుండా పేరు ఒక్కటే మారుతుంది.

1804లో, మద్రాసు నుంచి తిరిగొచ్చిన తండ్రి ఎడ్వర్డ్ క్లైవ్‌కు రాజు పోవిస్ ఎర్ల్ బిరుదును కొత్తగా ఇచ్చాడు. మద్రాసు పాలనకు మెచ్చి ఇచ్చారనుకోవచ్చు. కానీ పోవిస్ అన్న పేరే ఎందుకు ఎంచుకున్నారన్నది చూస్తే అసలు విషయం బయటపడుతుంది. ఇది బావమరిది బిరుదు బావకు వారసత్వంగా రావడం కాదు, అలా రావడానికి వీల్లేదు. అది చచ్చిపోయిన బిరుదు, ఇది అదే పేరు పెట్టుకుని పుట్టిన వేరే బిరుదు. దానితో పాటు క్లైవ్ వైకౌంట్, చెర్బరీ హెర్బర్ట్ బ్యారన్, పోవిస్ బ్యారన్ కూడా ఇచ్చారు. చెర్బరీ హెర్బర్ట్ బిరుదైతే పోవిస్ కంటే ఎక్కువసార్లు చచ్చి పుట్టింది.

1807లో కొడుకు రాజానుమతి తీసుకుని ఎడ్వర్డ్ హెర్బర్ట్ అయ్యాడు. ఇక చూడండి: తండ్రి పేరు క్లైవ్, ఆయన పోవిస్ ఎర్ల్, కానీ పోవిస్ భూమి ఆయనది కాదు. కొడుకు పేరు హెర్బర్ట్, పోవిస్ భూమి ఆయనది, కానీ ఆయన ఎర్ల్ కాదు. ఎనభై ఏళ్ళు దాటినా తెల్లవారుజామునే చొక్కా చేతులు మడిచి తోట తవ్వేవాడని చెప్పుకునే ఆ తండ్రి 1839లో పోయాక గానీ బిరుదు, కోట ఒకే మనిషి చేతికి రాలేదు. ప్లాసీ డబ్బు కూడా అదే చేతిలో పడింది.

ఈ రెండో ఎర్ల్‌ను ఇప్పుడు తలుచుకునేది రెండు సంగతులకు. 1847లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం చాన్సలర్ పదవికి రాణి భర్త ఆల్బర్ట్ మీద పోటీ చేసి వంద పైచిలుకు ఓట్ల తేడాతో ఓడిపోయాడు. మరుసటి ఏడాది జనవరిలో వేటకు వెళితే సొంత కొడుకు తుపాకీ గుండు పొరపాటున తగిలి చనిపోయాడు.

చిన్నపిల్లకు దక్కిన బిరుదు

అన్ని బిరుదులూ మగవరసనే పోతాయని ఇంతదాకా చెప్పాను. మినహాయింపు ఒకటుంది. సనదుల పద్ధతి బాగా స్థిరపడక ముందు, పదమూడు, పద్నాలుగు శతాబ్దాల్లో, రాజు పేరుపేరునా పిలుపు పంపి పార్లమెంటుకు రప్పించేవాడు. అలా పిలుపు వల్ల పుట్టిన పాత బ్యారన్ బిరుదులు కూతుళ్ళకు కూడా పోతాయి. ఒక్కతే కూతురైతే నేరుగా ఆమెకే. ఇద్దరు ముగ్గురుంటే అందరికీ సమాన హక్కు. బిరుదును ముక్కలు చెయ్యలేరు కాబట్టి అది అటకెక్కుతుంది. ఒక శాఖే మిగిలేదాకా, లేదా రాజు ఒకరిని ఎంచి దింపేదాకా అటక మీదే.

పోవిస్ నాలుగో ఎర్ల్ భార్య వయొలెట్‌కు ఇలాంటిదే ఒకటి వచ్చింది. ఆమె, అక్క మార్సియా ఇద్దరూ తండ్రి వారసులు. అటకెక్కిన రెండు పాత బిరుదులను 1903లో దింపి అక్కకు ఒకటి, చెల్లెలికి ఒకటి పంచారు. వయొలెట్ వాటాకు వచ్చింది 1332 నాటి డార్సీ డి నైత్ బ్యారన్ బిరుదు. పోవిస్ కోట తోటలు ఇప్పుడు అంత అందంగా ఉన్నాయంటే చాలావరకు ఈమె చలవే.

వాళ్ళకు ఇద్దరు కొడుకులు. పెద్దవాడు పెర్సీ సోమ్ యుద్ధంలో గాయపడి 1916లో పోయాడు. అందరూ ఆయన్ను క్లైవ్ వైకౌంట్ అనేవారు. ఎర్ల్ పెద్దకొడుకును తండ్రి చిన్న బిరుదుతో పిలవడం అక్కడి మర్యాద, అంతే. తండ్రి బతికుండగా చట్టప్రకారం అతను సామాన్యుడే. 1929లో కారు ప్రమాదంలో వయొలెట్ పోయింది, ఆమె బిరుదు రెండో కొడుకు మెర్విన్‌కు వచ్చింది. 1943లో విమానం కూలి మెర్విన్ చనిపోయాడు. మిగిలింది అతని నాలుగేళ్ళ కూతురు డావినా ఒక్కతే.

పాత బిరుదు కాబట్టి డార్సీ డి నైత్ ఆ పసిపిల్లకు వచ్చింది, ఆమె పద్దెనిమిదో బ్యారనెస్. పోవిస్ ఎర్ల్ బిరుదు 1804 సనదు బిడ్డ కాబట్టి ఆమెకు రాలేదు. ముసలి తాత 1952లో పోతే అది దాయాది దగ్గరికి వెళ్ళింది. ఒకే ఇంట్లో, ఒకే పిల్ల విషయంలో రెండు నియమాలు రెండు రకాలుగా తీర్పు చెప్పాయి.

డావినా జీవితం బిరుదుల కంటే పెద్దది. 1964లో కారు ప్రమాదంలో భర్త పోయాడు, ఆమె చక్రాల కుర్చీకి పరిమితమైంది. పారాలింపిక్స్‌లో ఈతలో స్వర్ణం గెలిచింది. వారసత్వ బిరుదున్న ఆడవాళ్ళకు ప్రభువుల సభలో చోటు దొరికింది 1963 చట్టంతో. దాని పుణ్యమా అని సభలో అడుగుపెట్టి వికలాంగుల హక్కుల కోసం దశాబ్దాలు మాట్లాడింది. 1999లో వారసత్వ ప్రభువులను సభ నుంచి తొలగిస్తూ 92 మందినే ఉంచినప్పుడు, తోటి సభ్యులు ఓటేసి నిలుపుకున్నవాళ్ళలో ఆమె ఒకరు. 2008లో చనిపోయేదాకా సభ్యురాలిగానే ఉంది. పోవిస్ ఎర్ల్ మాత్రం 1999లోనే బయటికి వచ్చాడు. మిగిలిన వారసత్వ ప్రభువులను కూడా తొలగించే బిల్లును ప్రభుత్వం 2024లో పెట్టింది.

ఇప్పుడు ఎవరిది ఏది

నాలుగో ఎర్ల్ పోయేటప్పుడు కోటను, చారిత్రక కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థకు రాసి పోయాడు. వందేళ్ళకు పైగా కలిసి నడిచిన బిరుదు, కోట 1952లో మళ్ళీ విడిపోయాయి. ఈసారి వాటిని కలపడానికి ఏ పెళ్ళీ పనికిరాదు. బిరుదు మాత్రం రెండో ఎర్ల్ చిన్నకొడుకుల శాఖల్లో దాయాది నుంచి దాయాదికి మారుతూ వచ్చింది. 1993 నుంచి జాన్ జార్జ్ హెర్బర్ట్ ఎనిమిదో ఎర్ల్. ఐరిష్ పట్టికలోని ప్లాసీ క్లైవ్ బ్యారన్ బిరుదు కూడా ఆయనదే.

ఈ హెర్బర్ట్‌ల మగవరస కూడా ఎప్పుడైనా తెగితే పోవిస్ ఎర్ల్ బిరుదు నాలుగోసారి పుట్టాల్సి వస్తుందా? అక్కర్లేదు. 1804 సనదు ఎడ్వర్డ్ క్లైవ్ మగ సంతానం అందరికీ వర్తిస్తుంది. ఆయనకు రాబర్ట్ హెన్రీ క్లైవ్ అని ఇంకో కొడుకు ఉన్నాడు. అతను హ్యారియట్ విండ్సర్‌ను చేసుకున్నాడు. ఆమె ఆరో ప్లిమత్ ఎర్ల్ సోదరి. 1843లో ఆ ప్లిమత్ బిరుదు మగవాళ్ళు లేక అంతరించింది. పిలుపుతో పుట్టిన పాత విండ్సర్ బ్యారన్ బిరుదు మాత్రం అటక దిగి 1855లో హ్యారియట్‌కు దక్కింది. కుటుంబం ఇంటిపేరు విండ్సర్-క్లైవ్‌గా మారింది. 1905లో ఆమె మనవడికి ప్లిమత్ ఎర్ల్ బిరుదు కొత్తగా ఇచ్చారు. అన్న శాఖలో పోవిస్‌కు జరిగిందే తమ్ముడి శాఖలో ప్లిమత్‌కూ జరిగింది. రాబర్ట్ క్లైవ్ 1771లో పోవిస్ ఎర్ల్ నుంచి కొన్న ఓక్లీ పార్క్ ఈ విండ్సర్-క్లైవ్‌ల వాటాకే వచ్చింది. హెర్బర్ట్ శాఖ తర్వాత పోవిస్ సనదుకు వరసలో ఉన్నదీ వాళ్ళే.